పాఠం మొదలయ్యేది పిల్లవాడి దగ్గర

(బడిగంట శీర్షిక)



కిందటి సంచిక చేతికందిన వారం రోజులకు, ఒక ఆదివారం సాయంత్రం, మన సంఘం తెలుగు తరగతిలో పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరిన అమ్మాయి మా ఇంటికి వచ్చింది. రెండేళ్ళ ఉపాధ్యాయ శిక్షణ అప్పుడే పూర్తి చేసిన పిల్ల. చేతిలో లావుపాటి నోటుపుస్తకం. కాఫీ ఇస్తే గ్లాసు పట్టుకుని కూర్చుందే తప్ప తాగలేదు.

"టీచరమ్మా, నేను మానేస్తాను. నాకు పాఠం చెప్పడం చేతకాదు" అంది. ఆ మాట పూర్తయ్యేలోపే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఏం జరిగిందమ్మా అని అడిగాను. తరగతిలో పదకొండు మంది పిల్లలు. చిన్నదానికి అయిదేళ్ళు, పెద్దవాడికి పదకొండు. ముప్పావుగంట పాఠం. ఈ అమ్మాయి ముందురోజు రాత్రి కూర్చుని నాలుగు పేజీల పాఠ్య ప్రణాళిక వ్రాసుకుంది. అచ్చులన్నీ చెప్పాలి, వ్రాయించాలి, ఒక పద్యం కంఠతా పట్టించాలి, ఒక నీతి కథ చెప్పి ప్రశ్నలు అడగాలి. పది నిమిషాలు గడిచేసరికి ఇద్దరు బెంచీ కిందికి దూరారు. చిన్నపిల్ల అమ్మ కావాలని ఏడుపు మొదలుపెట్టింది. పెద్దవాడు ఇంటికి ఎప్పుడు పంపుతారని తమిళంలో అడిగాడు. ఇంకొక పిల్లవాడైతే ముప్పావుగంటలో ఒక్కసారి కూడా నోరు విప్పలేదు.

నోటుపుస్తకం తీసుకుని చూశాను. ముత్యాల్లాంటి దస్తూరి. ఒక్క అక్షరం కొట్టివేత లేదు. కానీ నాలుగు పేజీల్లోనూ ప్రతి వాక్యం ఒకేలా ఉంది. నేను చెప్తాను, నేను వ్రాస్తాను, నేను చదివిస్తాను, నేను అడుగుతాను. పిల్లలు ఏం చేస్తారన్నది ఎక్కడా లేదు. నాకు నవ్వు రాలేదు. నలభై ఏళ్ళ కిందటి నా నోటుపుస్తకమే గుర్తుకు వచ్చింది.

ఈసారి శీర్షిక ఆ అమ్మాయి కోసమూ, ఆమెలాగే మన ఊళ్ళలో పిల్లలకు నాలుగక్షరాలు నేర్పాలని ముందుకు వచ్చే కొత్తవాళ్ళ కోసమూ వ్రాస్తున్నాను. ఇంట్లో పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకునే తల్లులకూ, తాతలకూ కూడా పనికివస్తుంది.

నేను చేసిన తప్పు

ముందు నా సంగతి చెప్పుకోవాలి. లేకపోతే నీతులు చెప్పే హక్కు నాకు లేదు.

నేను 1984లో ఉద్యోగంలో చేరాను. హోసూరు వైపు ఒక పల్లెలో తెలుగు బడి. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లా విడిపోయేదాకా అదంతా ధర్మపురి జిల్లాయే కదా! రెండో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. లెక్కల్లో చురుకు. పశువుల సంతకు వాళ్ళ నాన్నతో వెళ్ళి వచ్చి, ఏ ఎద్దు ఎంతకు పోయిందో నాకు అణాపైసలతో సహా చెప్పేవాడు. వ్రాతకు వచ్చేసరికి మాత్రం అక్షరాలు తిరగబడేవి. "అమ్మ" అని వ్రాయమంటే కింద ఒత్తు పెట్టడు. "అమ్‌మ" అని పక్కపక్కన పెడతాడు. చెప్పాను, మళ్ళీ చెప్పాను, విసిగాను. ఒకరోజు బెత్తంతో చేతిమీద కొట్టి, నూరుసార్లు వ్రాసుకుని రమ్మన్నాను.

మర్నాడు బడికి రాలేదు. ఆ వారమంతా రాలేదు. ఇంటికి కబురు పంపితే మేకలు కాయడానికి వెళ్ళాడన్నారు. తరువాత దగ్గరలోని ఇంకొక బడిలో తమిళంలో చేర్చారని తెలిసింది. నేను వాళ్ళ ఇంటి గడప తొక్కి ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. కొత్త టీచరునన్న బింకం.

ఎన్నో ఏళ్ళ తరువాత పాలకోడు బస్టాండులో ఒకాయన నా ముందుకు వచ్చి నమస్కారం పెట్టాడు. టమాటా వ్యాపారం చేస్తున్నాడు. పాలకోడు టమాటా సంత గురించి మనవాళ్ళకు చెప్పనక్కరలేదు. మాట్లాడినంతసేపూ చక్కని తెలుగే మాట్లాడాడు. తన పిల్లల గురించి చెప్పాడు. బస్సు వచ్చేముందు నేనుండబట్టలేక, "ఏం నాయనా, తెలుగు చదువుతుంటావా?" అన్నాను. "నాకు తెలుగు రాదు టీచరమ్మా" అన్నాడు, అంతసేపూ తెలుగులో మాట్లాడినవాడు. అందులో నిష్ఠూరం లేదు. ఉన్నమాట చెప్పినట్లే చెప్పాడు. నాకు మాత్రం ఆ రోజు ధర్మపురి చేరేదాకా కిటికీలోంచి చూసిందేదీ కంటికి ఆనలేదు.

ఇప్పుడు చట్టం కూడా ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్నీ, మనసు నొప్పించి వేధించడాన్నీ నిషేధించింది. కానీ నా తప్పు ఒక్క బెత్తం మాత్రమే కాదు. ఆ పిల్లవాడు ఎందుకు అలా వ్రాస్తున్నాడని ఒక్కసారి కూడా నన్ను నేను ప్రశ్నించుకోలేదు. అదీ అసలు తప్పు.

పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడు?

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మనకొక సామెత ఉంది. నిజమే. కానీ మొక్కను వంచేవాడికి దాని వయసు తెలియాలి. మొలకను పట్టుకుని వంచితే విరుగుతుంది.

స్విట్జర్లాండులో పియాజే, రష్యాలో వైగోట్‌స్కీ అని ఇద్దరు పెద్దలు ఉండేవారు. విచిత్రమేమిటంటే ఇద్దరూ 1896లోనే పుట్టారు. పిల్లల ఆలోచన పెద్దవాళ్ళ ఆలోచనకు చిన్న అచ్చు కాదని, దాని తీరే వేరని పియాజే చూపించాడు. ఆయన చేసిన పరీక్ష ఒకటి మీ వంటింట్లోనే చేసి చూడవచ్చు. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమంగా నీళ్ళు పోయండి. అయిదేళ్ళ పిల్లను అడిగితే రెండూ సమానమంటుంది. ఇప్పుడు ఒక గ్లాసులోని నీళ్ళను ఆ పిల్ల కళ్ళెదుటే వెడల్పాటి గిన్నెలో పోయండి. "ఎందులో ఎక్కువున్నాయి?" అని అడగండి. గ్లాసులోనే ఎక్కువన్న పిల్లలే ఎక్కువమంది. ఆ పిల్ల మొద్దు కాదు. కంటికి ఎత్తుగా కనబడిందే ఎక్కువ అనుకునే వయసు అది. ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి అదే పిల్ల, "అవే నీళ్ళు కదా అవ్వా!" అని మనల్ని చూసి నవ్వుతుంది. మధ్యలో ఎవరో కొట్టి నేర్పినందువల్ల కాదు. నీళ్ళతో, ఇసుకతో, చింతగింజలతో ఆడి ఆడి తెలుసుకుంది.

అందుకని కొత్త టీచర్లు స్థూలంగా ఇంత గుర్తుపెట్టుకుంటే చాలు.

మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలకు చేతులే పుస్తకాలు. మణికట్టులోని చిన్న ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. పెన్సిలు పట్టించి పేజీలు నింపమంటే చెయ్యి నొప్పి పుడుతుంది, చదువంటే విసుగు పుడుతుంది. పిండి పిసకడం, పూసలు గుచ్చడం, ముగ్గు చుక్కలు కలపడం, వేరుశనగకాయలు ఒలవడం, ఇవన్నీ వ్రాతకు ముందు చేయవలసిన వ్రాతపనులే.

ఆరేడేళ్ళకు పాలపళ్ళు ఊడే కాలంలో అక్షరం మీద ఆసక్తి పుడుతుంది. అక్షరాలను తిప్పి వ్రాయడం ఈ వయసులో మామూలు. కుర్చీని ఎటు తిప్పినా అది కుర్చీయే. అక్షరానికి మాత్రం ఆ సౌకర్యం లేదని పిల్లవాడు తెలుసుకోవడానికి కొంత కాలం పడుతుంది. చాలామందికి తనంతట తనే సర్దుకుంటుంది. ఎనిమిదేళ్ళు దాటినా తగ్గకపోతే, చదవడం కూడా మరీ కష్టంగా ఉంటే, అప్పుడు తెలిసినవారికి చూపించాలి. కన్నూ, చెవీ కూడా పరీక్ష చేయించాలి. బోర్డు కనబడని పిల్లవాణ్ణి మొద్దు అన్న బళ్ళు ఎన్నో!

ఎనిమిది నుంచి పదకొండేళ్ళ వాళ్ళు వస్తువు చేతిలో ఉంటే తర్కం చేయగలరు. వర్గాలుగా విడదీయడం, పోల్చడం, నియమం కనిపెట్టడం వీళ్ళకు ఆట. కానీ గాలిలో నిర్వచనం చెప్తే తలకెక్కదు. ఉదాహరణలు ముందు, పేరు తరువాత.

వైగోట్‌స్కీ చెప్పినది మన అమ్మమ్మలకు తెలిసినదే. పిల్లవాడు ఒంటరిగా చేయగలిగిన పని ఒకటి, ఎంత సాయం చేసినా ఇప్పుడప్పుడే చేయలేని పని ఒకటి. ఆ రెంటికీ నడుమ, కాస్త వేలు పట్టుకుంటే చేయగలిగిన చోటు ఉంటుంది. పాఠం చెప్పవలసింది అక్కడ. నడక నేర్చే బిడ్డకు రెండు చేతులూ పట్టుకుని, తరువాత ఒక చెయ్యి, తరువాత ఒక వేలు, తరువాత వెనకాల నిలబడి ఊరికే నడవడం. అంతే.

తమిళం నేర్చిన చేతికి తెలుగు అక్షరం

ఇక మన పిల్లల విషయం. తెలుగునాట పిల్లలకు లేని ఒక ఇబ్బంది, ఒక సౌకర్యం రెండూ మన పిల్లలకు ఉన్నాయి. వీళ్ళు బడిలో ముందుగా తమిళ లిపి నేర్చుకుంటున్నారు. 2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళనాడు బళ్ళలో ఒకటో తరగతి నుంచి ఏడాదికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. దానిమీద భాషా అల్పసంఖ్యాకుల వ్యాజ్యాలు కోర్టులకు వెళ్ళిన సంగతి మీకు తెలుసు. ఆ వాదం ఈ శీర్షికకు సంబంధించింది కాదు. మనకు అన్నం పెట్టే నేల భాష మన పిల్లలకు బాగా రావాలి, అందులో రెండో మాట లేదు. కానీ తమిళం వచ్చిన చెయ్యి తెలుగు వ్రాసేటప్పుడు ఎక్కడ తడబడుతుందో టీచరుకు తెలిసి ఉండాలి.

తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. చ, ట, త, ప వర్గాలూ దాదాపు అంతే. కనుక మన పిల్లవాడు నోటితో "గాలి" అని సరిగ్గా పలికి, పలక మీద "కాలి" అని వ్రాస్తాడు. "బండి" అని పలికి "పండి" అని వ్రాస్తాడు. అతని చెవి చెడలేదు. రెండు శబ్దాలకు రెండు అక్షరాలు ఉంటాయని అతని చెయ్యి ఇంకా నమ్మలేదు. అలాగే తమిళంలో హల్లు మీద చుక్క పెట్టి, పక్కన రెండో హల్లు వ్రాస్తారు. తెలుగులో రెండోదాన్ని కిందికి దింపుతాం. మరి నా శిష్యుడు "అమ్‌మ" అని వ్రాసింది ఎందుకు? వాళ్ళ ఇంట్లో అన్నకు తమిళ పలక ఉండేదని తరువాత తెలిసింది. వాడు చూసి నేర్చుకున్న నియమం తప్పు కాదు, ఆ నియమం ఈ లిపిది కాదు. నేను ఆ ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. నూరుసార్లు అక్కరలేదు.

పిల్లవాడి తప్పులో ఒక కారణం ఉంటుంది. దాన్ని వెతకడమే టీచరు చదువుకున్న చదువు.

ఈ సందర్భంలో గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోవాలి. 1863లో పుట్టి 1940లో కన్నుమూసిన ఆ మహానుభావుణ్ణి వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే మనకు ఎక్కువ తెలుసు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కానీ అంతకుముందే పర్లాకిమిడిలో ఉంటూ ఆయన కొండల్లోని సవరల భాష నేర్చుకున్నాడు, వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటల్లోనే వాచకాలు వ్రాశాడు, బళ్ళు పెట్టించాడు. పిల్లవాణ్ణి తన భాషలోకి లాగడానికి ముందు తాను పిల్లవాడి భాషలోకి నడిచి వెళ్ళాడు. 1956 నాటి రాజ్యాంగ సవరణతో వచ్చిన 350ఎ అధికరణం కూడా అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వీలు కల్పించాలని చెప్తుంది. అధికరణం కాగితం మీద ఉంటుంది. దాన్ని తరగతిలోకి తెచ్చేది టీచరే.

పాఠ్య ప్రణాళిక అంటే అయిదు ప్రశ్నలు

మా శిక్షణ రోజుల్లో హెర్బార్ట్ పేరు చెప్పి అయిదు సోపానాలు వల్లె వేయించేవారు. సన్నాహం, సమర్పణ, సంసర్గం, సామాన్యీకరణం, అన్వయం. ఇప్పటికీ అందులో సారం ఉంది. తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్ళమనే కదా అది! కానీ నేను ఆ అమ్మాయికి సులువుగా ఉండాలని అయిదు ప్రశ్నలుగా మార్చి చెప్పాను. ఒక పేజీ మించకూడదని షరతు పెట్టాను.

ఒకటి: ఎదుట ఉన్నది ఎవరు? వయసు, ఇంట్లో మాట్లాడే భాష, ఇదివరకు వచ్చింది ఏమిటి.

రెండు: ఈ ముప్పావుగంట చివర పిల్లలు కొత్తగా చేయగలిగే ఒక్క పని ఏమిటి? ఒక్కటే. "ఒత్తులు అర్థం చేసుకుంటారు" అని వ్రాయకండి. అర్థం కంటికి కనబడదు. "క ఒత్తు, వ ఒత్తు ఉన్న మూడు మాటలు చదివి, ఒకటి వ్రాస్తారు" అని వ్రాయండి. అది కనబడుతుంది.

మూడు: వాళ్ళకు తెలిసిన దేనికి దీన్ని ముడివేస్తాను?

నాలుగు: ప్రతి పది నిమిషాలకు పిల్లల చేతులు ఏం చేస్తుంటాయి? "నేను" అనే మాట లేకుండా వ్రాయండి.

అయిదు: వచ్చిందో రాలేదో నాకెలా తెలుస్తుంది? రాకపోతే ఏం చేస్తాను?

ఇవి కాక, పాఠం ముందే అయిపోతే ఆడించడానికి ఒక ఆట, అసలే సాగకపోతే చెప్పడానికి ఒక కథ, కొంగున కట్టుకుని వెళ్ళాలి. తరగతి అయ్యాక ఇంటికి వెళ్ళేలోపు రెండు వాక్యాలు వ్రాసుకోవాలి. ఏది సాగింది, ఏది సాగలేదు. రేపటి ప్రణాళిక ఆ రెండు వాక్యాల నుంచే పుడుతుంది. ఈ పనికి తీరిక ఎక్కడిదంటారా? విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయులకు వారానికి 45 పనిగంటలు చెప్పినప్పుడు, పాఠం సిద్ధం చేసుకునే వేళను కూడా అందులోనే కలిపింది. అంటే సిద్ధపడడం కూడా ఉద్యోగంలో భాగమే, ఇంటిపని కాదు.

ఒక పాఠం చేసి చూద్దాం

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ద్విత్వాక్షరాల పాఠం ఒకటి తయారుచేశాం. మన ఇళ్ళలో మనుషుల పేర్లు చూడండి. అమ్మ, అక్క, అన్న, అవ్వ, అత్త, అయ్య. ఇంటినిండా ఒత్తులే! కానీ అన్నీ ఒకేరోజు చెప్పకూడదు. క, గ, డ, ద, వ ఒత్తులు చూడడానికి ఆ అక్షరాల్లాగే ఉంటాయి, తలకట్టు మాత్రం ఉండదు. త, న, మ, య, ల ఒత్తులైతే వేషం మార్చుకుంటాయి. కనుక మొదటి ఆదివారం అక్క, అవ్వ, ముద్ద. అమ్మ రెండో ఆదివారం. అమ్మను వెనక్కి నెట్టినందుకు ఎవరూ కోపగించుకోకండి!

మొదటి అయిదు నిమిషాలు: మీ ఇంట్లో ఎవరెవరున్నారు, నిన్న ఏం తిన్నారు అని కబుర్లు. తమిళంలో చెప్పినా సరే. "పాట్టి" అంటే "ఓహో, అవ్వా!" అని తెలుగు మాట తిరిగి ఇవ్వడమే, సరిదిద్దడం కాదు. "కళి" అన్నవాడికి "రాగిముద్ద తిన్నావా!" అని.

తరువాత ఎనిమిది నిమిషాలు చెవికి. గడి, గడ్డి. ఎర, ఎర్ర. ఒత్తు వినబడినప్పుడు చప్పట్లు కొట్టాలి. వినబడని శబ్దాన్ని వ్రాయమనడం అన్యాయం.

పది నిమిషాలు పళ్ళెంలో రవ్వ పోసి వేలితో వ్రాయడం. పైన అక్షరం, కింద కూర్చున్న చిన్న అక్షరం. "తమిళంలో పక్కన కూర్చుంటుంది, తెలుగులో కింద కూర్చుంటుంది" అని రెండు లిపులనూ బోర్డు మీద పక్కపక్కన చూపించాలి. మన పిల్లలకున్న సౌకర్యం ఇదే. వాళ్ళకు పోల్చి చూసుకోవడానికి ఇంకొక లిపి ఉంది.

అయిదు నిమిషాలు లేచి ఆట. చీటీల మీద అక్షరాలు, ఒత్తులు. ఒకడు నిలబడితే ఒత్తు దొరికినవాడు అతని ముందు కింద కూర్చోవాలి. మాట తయారు.

పది నిమిషాలు పలక మీద వ్రాత. చిన్నవాళ్ళు ఒక్క మాట, మధ్యవాళ్ళు మూడు, పెద్దవాళ్ళు ఆ మాటలతో ఒక వాక్యం.

అయిదు నిమిషాలు పరీక్ష. పరీక్ష అని చెప్పకూడదు! వెళ్ళేముందు ఒక్కొక్కరు ఒక చీటీ తీసి చదవాలి. చివరి రెండు నిమిషాలు ఇంటికి తీసుకెళ్ళే పని: మీ అవ్వను ఒక మాట అడిగి తెలుసుకుని రండి. మొత్తం నలభై అయిదు.

పదకొండు మందికి పదకొండు వయసులైతే ఎలా అని ఆ అమ్మాయి అడిగింది. దానికి సమాధానం మన పక్కనే ఉంది. చిత్తూరు సీమలో మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వారు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బళ్ళు పెట్టారు. ఒకే గదిలో, ఒకే టీచరు దగ్గర అన్ని తరగతుల పిల్లలు. అందుకని పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, మెట్లలాగా నిచ్చెన వేశారు. ప్రతి పిల్లవాడు తన మెట్టు మీద తాను ఉంటాడు. ఎవరూ వెనకబడరు, ఎవరూ ఆగిపోరు. ఆ పద్ధతి స్ఫూర్తితోనే 2003లో చెన్నై కార్పొరేషను బళ్ళలో కృత్యాధార బోధన మొదలై, తరువాత కొద్ది ఏళ్ళకే తమిళనాడు అంతటా ప్రాథమిక తరగతులకు పాకింది. పిల్లలు చాపల మీద గుంపులుగా కూర్చోవడం, గోడల కింది భాగంలో పిల్లలకు అందే నల్లబల్లలు, అదంతా నేనూ చేశాను. కరోనా తరువాత 2022 జూన్‌లో మొదలైన "ఎణ్ణుం ఎళుత్తుం" పథకంలో కూడా పిల్లలను వయసును బట్టి కాక, వచ్చినదాన్ని బట్టి అరుంబు, మొట్టు, మలర్ అని మూడు మెట్లుగా కూర్చోబెడుతున్నారు. పువ్వు వికసించే క్రమం పేర్లు! తెలుగు పల్లెల నుంచి వచ్చిన ఆలోచన తమిళ బడిలో పెరిగింది. దాన్ని మన ఆదివారం తరగతికి తెచ్చుకోవడానికి మనకేం మొహమాటం?

నోరు విప్పని పిల్లవాడు

ఆ రెండో భాష నేర్చుకునే పిల్లల్లో కొందరు కొన్నాళ్ళు మౌనంగా ఉంటారు. వినడం, పోగుచేసుకోవడం లోపల జరుగుతూనే ఉంటుంది. అప్పుడు "చెప్పు, చెప్పు" అని నిలబెట్టకూడదు. చప్పట్లతో, వేలితో, బొమ్మతో జవాబు చెప్పనివ్వాలి.

ఆ పిల్లవాడి అమ్మతో మాట్లాడమని కొత్త టీచరుకు చెప్పాను. ఆమె చెప్పిన మాట విని మా ఇద్దరికీ నోట మాట రాలేదు. "మా అత్తగారికి తమిళం రాదమ్మా, చిత్తూరు వైపు పల్లె. వీడికి తెలుగు రాదు. ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుంటారు. సైగలే. ఆవిడకు ఒంట్లో బాగుండడం లేదు. అందుకే తెలుగు క్లాసులో చేర్చాను."

చూశారా! మనం వార్షికోత్సవంలో పద్యాలు చెప్పించడానికి తరగతి నడుపుతున్నామనుకుంటున్నాం. ఆ తల్లి ఒక మనవడికీ, ఒక అవ్వకూ మధ్య మాట కోసం పంపుతోంది. మన ప్రణాళికలో రెండో ప్రశ్నకు అసలైన జవాబు ఆమె దగ్గర ఉంది.

మొదటి ఆదివారం ఆ పిల్లవాడు చప్పట్లు మాత్రం కొట్టాడు. తప్పు లేకుండా కొట్టాడు. రెండో ఆదివారం రవ్వలో వ్రాశాడు. మూడో ఆదివారం వెళ్ళేముందు చీటీ తీసి, చాలాసేపు చూసి, నేలచూపులు చూస్తూ "అవ్వ" అన్నాడట. కొత్త టీచరు ఫోనులో చెప్తుంటే ఆమె గొంతు వణికింది. వాడు ఇంటికి వెళ్ళి ఆవిడతో ఏమన్నాడో మాకు తెలియదు. అడగలేదు కూడా. అది వాళ్ళిద్దరి సంగతి.

అన్నీ సవ్యంగా సాగుతున్నాయని చెప్పను. పదకొండు మందిలో ఇద్దరు మానేశారు. పెద్దవాడు ఇంకా గడియారం చూస్తూనే ఉన్నాడు. అతనికి చిన్నవాళ్ళ పలకలు దిద్దే పని అప్పగించి చూడమన్నాను. ఆ అమ్మాయి మానేసే మాట మాత్రం ఇప్పటికి ఎత్తడం లేదు. మొన్న చూసిన నోటుపుస్తకంలో కొట్టివేతలు బోలెడన్ని ఉన్నాయి. పేజీ అడుగున రెండు వాక్యాలు కూడా ఉన్నాయి. నాకు అదే ముత్యాల దస్తూరి అనిపించింది.

తల్లిదండ్రులకు ఒక మనవి. రోజూ పది నిమిషాలు పిల్లలతో తెలుగులో ఆడండి. వామనగుంటల పీట ఉంటే తీయండి, తమిళంలో పల్లాంగుళి అన్నా అదే ఆట. పద్నాలుగు గుంటల్లో చింతగింజలు పంచుతూ తెలుగులో లెక్కపెట్టించండి. లెక్కా వస్తుంది, మాటా వస్తుంది. తప్పు పలికితే నవ్వకండి. ఒక్క నవ్వుకు నోరు మూసుకున్న పిల్లలను చాలామందిని చూశాను.

కొత్తగా పాఠం చెప్పేవారు తమ ప్రణాళికలు, తమ ఇబ్బందులు సంఘం చిరునామాకు వ్రాయండి. వచ్చే సంచికలో కొన్నిటికి జవాబు చెప్పుకుందాం. ఈ ఆదివారం నేనూ తరగతికి వెళ్తున్నాను. వెనక బెంచీలో కూర్చుంటానని ఆ అమ్మాయికి మాట ఇచ్చాను. మాట్లాడనని కూడా మాట ఇచ్చాను. అది నిలబెట్టుకోవడమే నాకు కష్టం!